ఆ పూట అన్న మాట

"వదినా, కాలర్ గట్టిగా నిలబడాలి. రేపు జడ్జిగారి ఎదుట కూర్చోవాలి," అంటూ మరిది తెల్లచొక్కా తెచ్చి ఆమె ముందు పడేసి పోయాడు. చూశారా చోద్యం! ఆమె ఉద్యోగం చెల్లదని కేసు వేసిందీ వాడే, ఆ కేసుకు వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ చేయాల్సిందీ ఆమే. చొక్కా మీద నీళ్ళు చిలకరించింది. అలవాటు, ఏం చేస్తుంది?

ఓడరేవులో పెద్ద క్రేను నడిపే ఉద్యోగం. ఆడవాళ్ళను కూడా తీసుకోవాలని కంపెనీ ఆ ఏడు కొన్ని పోస్టులు విడిగా పెట్టింది. వదినా మరిదీ ఒకేరోజు పరీక్షకు వెళ్ళారు. మరిది దించిన కంటెయినర్ ఊగి ఊగి లారీకి గుద్దుకుంది. ఆమె మాత్రం పొయ్యి మీంచి నిండు గిన్నె దించినట్టు చప్పుడు కాకుండా దించింది. ఆడా మగా అందరిలోకీ ఆమెకే ఎక్కువ మార్కులు. విడిగా పెట్టిన పోస్టుతో ఆమెకు పనే లేదు.

ఉద్యోగం ఆమెకే వచ్చిందని తెలిసిన ఆ పూట ఇంట్లో పీనుగ లేచినట్టే ఉంది. మరిది గోడవైపు తిరిగి పడుకున్నాడు. "వాడు తినందే నాకు ముద్ద దిగదు," అని అత్తగారు కంచం తోసేసింది. ఏదో ఒకటి చెయ్యమన్నట్టు మొగుడు ఆమె వంకే చూశాడు.

"నాదేముందయ్యా, ఆడదాన్నని ఇచ్చారు. లేకపోతే నీకే వచ్చేది," అంది ఆమె మరిదితో.

అంతే! మరిది లేచి కూర్చున్నాడు. అత్తగారు కంచం దగ్గరికి లాక్కుని, "నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!" అని మెచ్చుకుంది. ఇంత సులువా అనుకుని, ఆమె ఆ మాట చుట్టాల దగ్గరా అంది, ఇరుగుపొరుగు దగ్గరా అంది.

ఇప్పుడా మాటే పట్టుకుని మరిది లాయరు ఆమెనే సాక్షిగా పిలిపించాడు. "నీ మీద వేశాడా ఏమన్నా, కంపెనీ మీద వేశాడు," అంటుంది అత్తగారు. "ఇంట్లో అన్నదే అక్కడా అను. ఉద్యోగం పోతే ఇంటిపట్టున ఉంటావు," అంటాడు మొగుడు.

తన ఉద్యోగం ఒక్కటే అయితే తలొంచేసేదేమో. ఆమెతోపాటు చేరిన ఆడపిల్లలున్నారు. ఆడవాళ్ళకు విడిగా పెట్టిన పోస్టులే చెల్లవని మరిది కేసు గెలిస్తే అందరూ ఇంటికే. నిన్న క్రేను నిచ్చెన దగ్గర వాళ్ళలో చిన్నది చెయ్యి పట్టుకుంది. "అక్కా, మనకు పనేం రాదని, ఆడవాళ్ళమనే ఇచ్చారని కోర్టులో ఎవరో ఆడావిడే చెప్తుందట. ఎవరక్కా అంత సిగ్గులేనిది?" ఆమెకు తల కొట్టేసినట్టయింది. గబగబా నిచ్చెనెక్కేసింది. పైన కేబిన్‌లో కూర్చున్నాక కూడా కిందికి చూడలేకపోయింది.

"అయిందా వదినా?" మరిది వచ్చి నిలబడ్డాడు. వెనకే మొగుడు.

ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేసింది. "చొక్కాకి ఒక చెయ్యి మిగిలింది, నువ్వే చేసుకో. పరీక్షలో కంటెయినర్‌ని లారీకి గుద్దింది నువ్వు. రేపు అడిగితే అదే చెప్తాను."

మొగుడి మొహం పాలిపోయింది. "మరి ఆ పూట అలా ఎందుకన్నావు?"

"మీరంతా అన్నం తినాలని," అంది ఆమె. "కోర్టులో నేనెవరికీ వడ్డించక్కర్లేదు."