తాతయ్య చొక్కా వాసన

మా అన్నయ్య తన గులాబీ అత్తరుకు పెట్టిన పేరు ‘తాతయ్య చొక్కా’. సీసా మీద తాతయ్య బొమ్మ. కింద చిన్న కథ: ‘చిన్నప్పుడు తాతయ్య చొక్కాలో ముఖం దాచుకుంటే గులాబీ వాసన వచ్చేది. ఆయన ముక్కు పసిగట్టిన రహస్యమే ఈ పరిమళం. రసాయనాలు లేవు, అంతా పువ్వే.’

చివరి వాక్యం నిజం. మిగతాది చదివినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

తాతయ్య ముక్కట! పూటకో డబ్బా ముక్కుపొడి పీల్చే మనిషికి గులాబీ సంగతి దేవుడెరుగు, పక్కన కిరోసిన్ ఒలికినా తెలిసేది కాదు. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, కళ్లు మండాక “ఏమైంది?” అని అడిగిన పెద్దమనిషి ఆయన.

అత్తరు తీసింది మా మేనత్త. పదిహేనో ఏట రాగి కాగు ముందు కూర్చుంది, ఇప్పుడు అరవై ఎనిమిది. కాగులో రేకులు వేసి, నీళ్లు పోసి, ఆవిరి పోకుండా మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అదిమి, సన్నటి సెగ పెడుతుంది. గొట్టం చివర బొట్టుబొట్టుగా పడే నీటిని వాసన చూస్తూ కూర్చుంటుంది. ఆ నీటి మీద తేలే నూనే అత్తరు. మొదట మంచి గులాబీ వస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు వాసన తిరిగి, ఉడికిన ఆకు కంపు మొదలవుతుంది. సరిగ్గా దానికి ముందే కింది పాత్ర తీసి వేరేది పెట్టాలి. గరిటెడు చెడ్డ నీరు కలిసినా పాత్రంతా పాడే. ఆ క్షణం ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు అత్త, రెండోదాన్ని నేను, చెవి మెలిపెట్టించుకుని నేర్చుకున్నాను.

మరి చొక్కాలో గులాబీ వాసన ఎక్కడిది? అదీ అత్త చలవే. తాతయ్య బట్టలు ముక్కుపొడి కంపు కొట్టేవి, పక్కన ఎవరూ కూర్చోలేకపోయేవారు. అమ్మకానికి పనికిరాని పలచటి గులాబీ నీళ్లలో అత్త వాటిని ఆఖరిసారి జాడించి ఆరేసేది. ఇది అన్నయ్యకు తెలియనిదేం కాదు. సొమ్మొకడిది, సోకొకడిది.

“అత్త ఊసే లేదేం ఇందులో?” అని సీసా చూపించి అడిగాను.

“తాతయ్య అంటే జనం కరిగిపోతారే. అత్త అంటే కోడళ్లు జడుసుకుంటారు,” అని నవ్వాడు.

అత్త కూడా నవ్వింది. “పోనీలేవే. వాసన ఎవరు తీశారో దానికే తెలుసు.”

పోనీలే! తాతయ్య ముక్కుపొడి పీల్చి ఎన్నిసార్లు తుమ్మారో, అత్త అన్నిసార్లు ఆ మాట అని ఉంటుంది.

నగరంలో నాలుగు పెద్ద దుకాణాలున్న ఆవిడ సరుకు తీసుకునే ముందు పని చూస్తానని వచ్చింది. ఆ రోజు అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నడుముకు కొత్త గుడ్డ చుట్టుకుని, కాగు ముందు తనే కూర్చున్నాడు. నాలుగు గంటలు కాచి దించాలట. గడియారం ఎదురుగా పెట్టుకున్నాడు. ముందురోజు వాన పడి పువ్వు బాగా తడిసింది. పువ్వు గడియారం చూసి ఉడకదు కదా, కానీ చెబితే వినేదెవరు?

మూత పక్క నుంచి ఆవిరి లేచింది. అత్త లోపలి నుంచి వచ్చి, బొటనవేలితో పిండి అదిమింది.

“ఈవిడెవరండీ?” అని ఆవిడ అడిగింది.

“మా దగ్గర సాయానికుంటారు,” అన్నాడు అన్నయ్య, తల కూడా తిప్పకుండా.

అత్త వేలు ఆ వేడి పిండి మీదే ఉండిపోయింది. తర్వాత కొంగుకు చెయ్యి తుడుచుకుంది. “సాయం అయిపోయింది బాబూ,” అని లోపలికి వెళ్లిపోయింది. పుట్టిన దగ్గర్నుంచి వాణ్ణి ‘ఏరా’ అని తప్ప పిలవని మనిషి!

మూడు గంటలు కాకుండానే వాసన తిరిగింది. వేరే పాత్ర నా చెయ్యి పక్కనే ఉంది. అన్నయ్య తాతయ్య ముక్కు గొప్పతనం చెబుతున్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అన్ని బుట్టల పువ్వు చూస్తే ఏడుపొచ్చింది. అన్నయ్యను చూస్తే రాలేదు.

నాలుగు గంటలయ్యాక కాస్త వంపి ఆవిడకిచ్చాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపింది. “ఆకులు ఉడకబెట్టినట్టుందేంటండీ?”

అన్నయ్య వాసన చూశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. “నువ్వు చెప్పొచ్చు కదే!” అని నా మీద పడ్డాడు.

“తాతయ్య ముక్కు ఉందిగా, దాన్ని అడగకపోయావా!”

వాడు లేచి లోపలి గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. “అత్తా! అత్తా, ఒకసారి రావా!”

“అత్తా?” అంది ఆవిడ. “సాయానికుంటారన్నారు?”

అత్త వచ్చి, పాత్ర ఎత్తి వాసన చూసి, ఆవిడ వైపు తిరిగింది.

“సీసా మీద రాసింది అబద్ధం కాదమ్మా. అచ్చం మా నాన్న చొక్కా వాసనే ఇది. నేను జాడించక ముందుది.”

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. అత్త మాత్రం నవ్వకుండా పాత్రెడు నీళ్లూ తీసుకెళ్లి తూములో పోసింది.

“రేపు పువ్వు తెప్పించే ముందు ఆ బొమ్మలు చింపెయ్. నా బొమ్మ అక్కర్లేదు. ఇది ఎవరు తీశారో రాసి, నాకు చదివి వినిపించు. అప్పుడే కాగు ఎక్కిస్తాను.”

అన్నయ్య తల వంచుకున్నాడు. “పోనీలే అత్తా, ఏదో నోరు జారింది.”

“పోనీలే అనేది నా మాటరా,” అంది అత్త. “ఇన్నేళ్లు వాడాను. దాన్ని కూడా నువ్వే ఉంచుకో. నాకిక అక్కర్లేదు.”