లాడాలవారి ఇంటిపేరు

నేను ఒక ఇంటిపేరును. చేతికి దొరకను, తూకానికి రాను. నోళ్ళలో బతుకుతాను. నాణెం తన కథ చెబితే వింటారు, పాత సైకిలు చెప్పినా వింటారు. నన్నూ మనుషులే తయారు చేశారు, వాడుకున్నారు, పారేశారు, మళ్ళీ వెతుక్కున్నారు. కాబట్టి నేనూ చెబుతాను.

నన్ను నల్బందియన్ అంటారు. నేను ఆర్మీనియా వాళ్ళ ఇంటిపేరును. మీకు ఇంటిపేరు మనిషి ముందు నడుస్తుంది, వాళ్ళకు వెనక నడుస్తుంది. నన్ను విడదీస్తే మూడు ముక్కలవుతాను. నల్ అంటే లాడం, అది అరబ్బుల మాట. బంద్ అంటే బిగించేవాడు, అది పారశీకుల మాట. చివరి 'యన్' ఒక్కటే ఆర్మీనియా వాళ్ళ సొంతం. ఫలానా వారి ఇంటివాళ్ళు అని దాని అర్థం. మీ భాషలో పుట్టి ఉంటే నన్ను లాడాలవారు అనేవాళ్ళేమో.

గుర్రం ఉన్న ప్రతి ఊళ్ళోనూ లాడాలు కొట్టేవాడు ఉంటాడు. అందుకే ఒకరినొకరు ఎరగని ఇళ్ళలో నేను విడివిడిగా పుట్టాను. నేను ఇంతగా వ్యాపించడానికి అదే కారణమని చదువుకున్నవాళ్ళు అంటారు. నిజమే. ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడానికే నోరు విప్పాను.

ఎగువ యూఫ్రటీసు ఒడ్డున ఒక కొండ ఊళ్ళో, బాటసారుల సరాయి పక్కన, ఉస్తా మానుగ్ కొలిమి ఉండేది. ఉస్తా అనేది పనితనానికి ఆ ఊరు ఇచ్చే గౌరవం. మానుగ్ మేకును చెవితో కొట్టేవాడు. గుర్రపు గిట్టకు బయట గోరు, లోపల మాంసం. మేకు గోరులో పోతున్నంతసేపు చప్పుడు పొడిగా, గట్టిగా ఉంటుంది. మాంసం వైపు మళ్ళగానే మొద్దుబారుతుంది. ఆ మొద్దు చప్పుడు వింటే మేకు వెంటనే వెనక్కి లాగాలి. వినీ లాగనివాడు నల్బంద్ కాడు, కసాయివాడు అనేవాడు మానుగ్.

ఆయనకు కూతురు అజ్నివ్, ఆమె తరువాత కొడుకు మిహ్రాన్. అజ్నివ్ చిన్ననాటి నుంచి గుర్రాల కాళ్ళు ఎత్తి పట్టేది. తండ్రి చేతులు వణకడం మొదలయ్యాక కొలిమి తలుపు మూసి మేకులు కూడా ఆమే కొట్టేది. ఈ సంగతి ఊరికి తెలుసు. తెలియనట్టు ఉండేది. మిహ్రాన్ చదువుకుని బడిపంతులయ్యాడు. నేనంటే అతనికి సిగ్గు. సంతకంలో నన్ను వదిలేసేవాడు.

"గిట్టల కంపు కొట్టే పేరక్కా. పైగా మూడు ముక్కల్లో రెండు మన మాటే కాదు" అనేవాడు.

"ఆ కంపే నీ పుస్తకాలు కొంది, తమ్ముడూ. సరే, పేరు మార్చుకో. ముక్కు కూడా మార్చుకో, అదీ నాన్నదే" అనేది అజ్నివ్.

మిహ్రాన్ భార్య సిరాన్ నవ్వేది. ఎప్పుడు చూసినా తలగుడ్డ అంచుకు సూదితో నీలిపూలు అల్లుకుంటూ ఉండేది. మొగుణ్ణి వేళాకోళానికి మాస్టారూ అని పిలిచేది.

పందొమ్మిది వందల పదిహేను వేసవిలో ఆ ఊరి ఆర్మీనియా మగవాళ్ళందరినీ టర్కీ జవాన్లు సరాయి ప్రాంగణంలోకి తోలి, ఇద్దరిద్దరినీ కలిపి మణికట్లు కట్టేశారు. మానుగ్ అప్పటికే మంచాన పడి చనిపోయాడు. అది అదృష్టమని అప్పుడు తెలిసింది. మొదటి జట్టును కొండ వెనక్కి తీసుకెళ్ళారు. తుపాకులు మోగాయి. వెళ్ళినవాళ్ళు రాలేదు. వాళ్ళ చెప్పులు మాత్రం ఒక జవాను మూటగట్టి తెచ్చాడు.

రెండో జట్టు కోసం పేర్లు పిలుస్తున్నారు. నన్ను పిలవగానే ఆ జవాన్ల కెప్టెన్ తలెత్తాడు. ఆ పూటే అతని గుర్రం లాడం ఊడింది. నా మొదటి రెండు ముక్కలు అతని భాషలోనూ ఉన్నాయి.

"నల్బందా? వాడి కట్లు విప్పండి" అన్నాడు.

మిహ్రాన్ జీవితంలో గుర్రం కాలు ఎత్తలేదు. కాదంటే కొండ వెనక్కి పోవాలి. తను వదిలేసిన పేరు మీద అతని ప్రాణం నిలబడింది.

"కాలు పట్టే మనిషి కావాలి దొరా. మా ఇంటి మనిషే పట్టాలి" అన్నాడు.

"ఒక్కరినే తెచ్చుకో."

సరాయి బయట ఆడవాళ్ళను, పిల్లలను ఎడారి దారికి వరుసకట్టిస్తున్నారు. సిరాన్, అజ్నివ్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరికీ నేనే ఇంటిపేరును, ఒకరికి పుట్టుకతో, ఒకరికి పెళ్ళితో. మిహ్రాన్ చూపు భార్య మీద ఆగింది. జరిగింది వినగానే ఆమెకు అంతా అర్థమైంది.

"అక్కను పిలవండి. నాకు మేకు పట్టుకోవడం కూడా రాదు. నన్ను పిలిస్తే ఇద్దరం పోతాం" అంది సిరాన్.

అతను కదల్లేదు.

"పిలవండి మాస్టారూ. బడికి ఆలస్యమవుతోంది."

అతను అక్కను పిలిచాడు. ఆ వరుస కదిలిపోయింది.

"మీ ఊళ్ళో ఆడవాళ్ళు గుర్రాల కాళ్ళు పట్టుకుంటారా?" అని కెప్టెన్ నవ్వాడు.

"మనుషుల కాళ్ళ కన్నా నయం దొరా. తన్నేముందు చెవులు వెనక్కి పెట్టి చెబుతాయి" అంది అజ్నివ్.

ఆమె గుర్రం కాలు పట్టి, మేకు వాలు సరిచేసి పట్టుకునేది. మిహ్రాన్ కొట్టేవాడు. "చప్పుడు విను, చప్పుడు విను" అని పెదవులు కదపకుండా చెప్పేది. అతని సుత్తి ఆమె వేళ్ళ మీద ఎన్నోసార్లు పడింది. ఆమె చెయ్యి తీయలేదు. తమ గుర్రాలు నడవాలి గనుక వాళ్ళిద్దరినీ బతకనిచ్చారు.

కొన్నాళ్ళకు కెప్టెన్ ఎడారి దారి నుంచి తిరిగొచ్చి గుర్రాన్ని అప్పగించాడు. అజ్నివ్ దాని కాలెత్తి పాత లాడం ఊడదీసింది. బురద, దానితో పాటు ఎండిన నెత్తురు రాలాయి. అడుగున, గిట్టకు లాడానికి నడుమ, గుడ్డ అంచు ఒకటి చిక్కుకుని ఉంది. దాని మీద సూదితో అల్లిన నీలిపువ్వు. ఆమె దాన్ని గుప్పిట్లో మూసింది. మిహ్రాన్ అప్పటికే చూశాడు.

"ఇటివ్వు" అన్నాడు.

ఇచ్చింది. అతను దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, కొత్త లాడం బిగించడం మొదలుపెట్టాడు. చివరి మేకు తనే పట్టుకున్నాడు, తనే కొట్టాడు. చప్పుడు మొద్దుగా వచ్చింది. గుర్రం వణికింది. ఆ మేకు చేతకాక అటు పోయిందో, చేతనై పోయిందో నాకు తెలియదు. అజ్నివ్ ఆ చప్పుడు విన్నది. తీయమని అనలేదు.

మర్నాడు కొండ వాలులో గుర్రం కుంటి కూలబడింది. కెప్టెన్ చెయ్యి విరిగింది, మొహం చీరుకుపోయింది. గుర్రాన్ని అక్కడే కాల్చేశారు. ఆ జరిగినదాంట్లో దాని తప్పేమీ లేదు.

చేతికి కట్టుతో కొలిమికొచ్చి అతను అడిగింది ఒకటే. "ఆ మేకు ఎవరు కొట్టారు?"

"నేను" అంది అజ్నివ్.

"కాదు దొరా," అని మిహ్రాన్ ముందుకొచ్చాడు. "ఆడమనిషి కాలు పడుతుంది, అంతే. మేకు కొట్టేది నల్బంద్. ఈ ఇంట్లో నల్బంద్ని నేను."

అతను నన్ను తనదని చెప్పుకోవడం అదే మొదలు. వాళ్ళు అతని చేతులు ఇనుము సాగగొట్టే దాగలి మీద పెట్టి వేళ్ళు చితక్కొట్టారు. సుత్తి మానుగ్‌ది, దాగలి కూడా మానుగ్‌దే. ఆ తరువాత సరాయి గుమ్మానికి ఉరితీశారు. అజ్నివ్‌ను చూస్తూ నిలబడమన్నారు. నిలబడింది. ఆమెను చంపలేదు. ఇంకా గుర్రాలు మిగిలి ఉన్నాయి. ఇక తలుపు మూయాల్సిన పని లేకుండా మేకులు ఆమే కొట్టింది. జవాన్లు ఆమెను ఉస్తా అని పిలిచారు. మనుషులకు పనితనం మీద గౌరవం ఎప్పుడూ ఉంటుంది.

ప్రపంచయుద్ధం ముగిశాక ఆమె సిరియాలోని అలెప్పో చేరి, ఒక అనాథాశ్రమంలో వంటకు కుదిరింది. ఎడారిలో ఏరుకొచ్చిన పిల్లలు అక్కడ ఉండేవాళ్ళు. కొందరికి అమ్మ పిలిచే ముద్దుపేరు తప్ప ఏమీ గుర్తులేదు. అలాంటివాళ్ళను అజ్నివ్ దగ్గరికి తీసి, "ఎవరైనా అడిగితే నల్బందియన్ అని చెప్పండి. నేను మీ అత్తను" అనేది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇంట నేను ఆమెతోనే ఆరిపోవాలి. ఆరిపోలేదు. ఈ రోజు బేరూతు దుకాణాల బోర్డుల మీద, మార్సెయ్ ఇళ్ళ తలుపుల మీద, యెరెవాన్ సమాధిరాళ్ళ మీద నేనున్నాను. మోసేవాళ్ళు ఇద్దరు కలిస్తే ఏ ఊరు మీది, మనం బంధువులమా అని అడుగుతారు. వాళ్ళకు ఆ బంధుత్వం లెక్కకు అందదు. బంధువులేనని నాకు తెలుసు.

ఒకసారి ఆ ఆశ్రమంలో ఒక పిల్ల, అజ్నివ్ జడ వేస్తుంటే అడిగింది.

"అత్తా, మన ఇంటిపేరుకి అర్థం ఏంటి?"

"మాంసానికి తగలకుండా మేకు కొట్టేవాళ్ళు అని."

"తగిలితే?"

జడ అల్లుతున్న వేళ్ళు ఆగాయి.

"వినబడుతుంది" అంది అజ్నివ్.