ఊఁ కొట్టే గొంతు

అక్క ఊఁ కొడితే ఎదుటి మనిషి కడుపులో ఉన్నదంతా కక్కేయాల్సిందే. మా ఇంట్లో ఇది పాత వేళాకోళం. పాలు పొంగబెట్టి నోరు మెదపని మా నాన్న కూడా ఆమె రెండు ఊఁలకే దొరికిపోయేవాడు. చివరికి ఆమె దాన్నే ఉద్యోగంగా చేసుకుంది. బతుకు మీద విరక్తి పుట్టినవాళ్లు ఫోన్ చేసే సహాయ కేంద్రంలో కూర్చుని వింటుంది. నేను ప్రోగ్రాములు రాస్తాను, అంటే వినని వస్తువుతో రోజంతా మాట్లాడతాను.

ఆ కేంద్రంలో కుర్చీలు తక్కువ, మోగే ఫోన్లు ఎక్కువ. క్యూలో ఎదురుచూసి విసిగి పెట్టేసినవాళ్ల నంబర్లు అక్క కంప్యూటర్లో ఎర్రగా మిగిలిపోయేవి. అవి చూశాక ఆమెకి అన్నం సహించేది కాదు.

"మాలో ఒకరు ఖాళీ అయ్యేదాకా ఏదో ఒకటి వాళ్లని మాట్లాడిస్తూ ఉంటే చాలే. ఇంత చదివావు, ఆ మాత్రం చెయ్యలేవా?" అని నన్ను పోరింది.

కేంద్రం డైరెక్టరు సరేనన్నాడు, మా కంపెనీ సరేనంది. నేనైతే ఎగిరి గంతేశాను. ఇన్నాళ్లూ జనం చేత అక్కర్లేనివి కొనిపించే యాప్‌లు రాసిన చేతులకి ఇన్నాళ్లకి ఒక మంచిపని దొరికిందని మురిసిపోయాను.

గొంతు అక్కదే పెట్టాం. ఆమె మాట్లాడిన పాత ఫోన్ల రికార్డింగుల్లో పేర్లూ ఊళ్లూ తీసేసి యంత్రానికి వినిపించాం. యంత్రం నేర్చుకోవడమంటే పిల్లలు నేర్చుకోవడం లాంటిది కాదు. దేని తర్వాత ఏది వస్తుందో లెక్క కట్టుకుంటుంది, అంతే. మనం ఏది పెడితే అదే తింటుంది. పెట్టేముందు శుభ్రం చేయడం నా వంతు. దగ్గులు తీసేశాను, ఫ్యాను రొద తీసేశాను, ఎవరూ మాట్లాడని చోట్లన్నీ కత్తిరించి పారేశాను. ఖాళీని వినిపిస్తూ కూర్చోవడం దండగ కదా. ఆ పని ఎంత నీటుగా చేశానో మీటింగులో చూపించి శభాష్ కూడా అనిపించుకున్నాను.

మొదట్లో అది వార్తలు చదివినట్టు మాట్లాడేది, పరీక్షకని మేం మాట్లాడించినవాళ్లు పెట్టేసేవారు. మధ్యమధ్యలో ఊఁ కొట్టడం నేర్చాక నిలబడ్డారు.

"నాకంటే బాగా కొడుతోందే. ఇక నేను ఇంట్లో పడుకోవచ్చు," అని అక్క నవ్వింది.

పోయిన వారం దాన్ని నిజం ఫోన్లకి కలిపాం. సోమవారం పొద్దున్న రికార్డింగులు వింటూంటే శుక్రవారం నాటిది ఒకటి తగిలింది. ఎవరో ఒకాయన, నెమ్మదైన గొంతు. పని పోయిన సంగతి, ఇంట్లో మొహం చూపించలేని సంగతి చెప్పుకొచ్చాడు. యంత్రం సరైన చోటల్లా ఊఁ కొట్టింది. తర్వాత ఆయన, "నేను లేకపోతే వాళ్లకే హాయి కదండీ," అన్నాడు.

"ఊఁ," అంది మా అక్క గొంతు, ఎంతో ఆప్యాయంగా.

"అంతేనండీ. మీరు కూడా అన్నాక ఇంకేముంది," అని ఆయన పెట్టేశాడు.

ఊఁ అంటే వింటున్నానని. ఊఁ అంటే అవునని కూడా. మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఈ భాషలోనే బతుకుతున్నాను, ఈ ముక్క నాకు తట్టలేదు. నేను కత్తిరించని పాత రికార్డింగులు వెతికి విన్నాను. అలాంటి 'కదా' వచ్చిన చోటల్లా అక్క ఊరుకుంది. అవతలి మనిషి తనంతట తానే, "మా పెద్దపిల్ల మాత్రం బెంగ పెట్టుకుంటుంది లెండి," అనేదాకా ఊరుకుంది. అప్పుడు ఊఁ అంది. ఆ ఊరుకోవడాన్నే నేను చెత్త కింద తీసి పారేశాను.

డైరెక్టరుకి ఫోన్ చేసి సంగతి చెప్పి, ఆపేద్దామన్నాను.

"మిగతావాళ్లంతా బాగుందనే అంటున్నారుగా. కదా అంటే ఊరుకోమని ఒక లైను రాసెయ్యమ్మా," అన్నాడాయన.

ఆ లైను రాయడం నాకు చిటికెలో పని. అంత తేలిక కాబట్టే భయమేసింది. ఆయన్ని మళ్లీ అడక్కుండా యంత్రాన్ని ఆపేసి అక్క దగ్గరికి పరిగెత్తాను.

అక్క రికార్డింగు వింది. ఆ నంబరుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఒకావిడ ఎత్తింది.

"ఆయనతో మాట్లాడాలండీ," అంది అక్క.

"ఆయన లేరండీ."

ఊళ్లో లేకపోవడం కాదని ఆవిడ గొంతే చెప్పింది. ఆవిడే మళ్లీ అంది.

"మీ గొంతు నాకు తెలుసు. ఆయన ఫోన్లో రికార్డయి ఉంది, ఎన్నిసార్లు విన్నానో. ఆ ఊఁ అన్నది మీరే కదూ?"

నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను. అది యంత్రమని చెప్పాలి, చేసింది నేనని చెప్పాలి. అక్క నా వంక ఒకసారి చూసింది.

"నేనేనమ్మా," అంది.

"అలా ఎందుకన్నారండీ?" అని అడిగిందావిడ. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోంది.