డబ్బాల వరస

"కోత! ఈ నెల కోత!" అని రేషన్ షాపాయన గుమ్మంలోంచి అరిచాడు. చెవుడున్న పెద్దమ్మకు అది "కోటా" అని వినిపించింది. "కోటా పెంచారట!" అని ఆవిడ చప్పట్లు కొట్టేసరికి వీధి వీధంతా సంబరంగా లేచింది. కిరోసిన్ ఈసారి సగమేనని తెలిసి, లేచినంత వేగంగానే కూలబడింది.

దర్జీ మాత్రం కంగారుపడలేదు. కోతైనా కోటా అయినా, వరసలో మొదటి డబ్బా తనది. ఇంట్లో పచ్చి బాలింత కూతురు, పక్కలో పసిగుడ్డు, చుక్క లేని స్టవ్వు. వేణ్ణీళ్ళు కాగాలి.

ఆ షాపు ముందు మనుషులు నిలబడరు, డబ్బాలే నిలబడతాయి. షాపాయన బావమరిది అందరికంటే ముందు పట్టుకుపోతుంటే, "మొహం చూసి కాదు, డబ్బా చూసి పొయ్యి" అని పోట్లాడి ఆ పద్ధతి పెట్టించింది దర్జీయే.

టీ తాగి వచ్చి చూస్తే తన డబ్బా చిట్టచివర ఉంది! చివర ఉండాల్సిన సెలూనాయన డబ్బా అప్పుడే నిండింది.

"ఇది కుట్ర!" అన్నాడు దర్జీ.

"కుట్లు నీవి, కుట్ర నాదా అన్నా?" అన్నాడు సెలూనాయన.

"మరి నా డబ్బాకి కాళ్ళొచ్చాయా?"

"పోట్లాట ఆపండి. పీపా అడుగంటింది, చివరిదాకా రాదు" అన్నాడు షాపాయన.

షాపు ఊడ్చే ముసలామె తడి చీపురుతో బయటికొచ్చింది. "మెట్లు కడగడానికి డబ్బాలు నేనే తీశాను నాయనా. ఇక్కడంతా తడి. చేతికి ముందొచ్చింది ఆ చివర పెట్టుకుంటూ వచ్చా. ఎవరిది ముందో నాకేం తెలుసు?"

"అయితే సెలూనాయనది వెనక్కి ఒంపించి నీకు పొయ్యనా?" అని షాపాయన దర్జీని అడిగాడు.

ఒంపిస్తే నీళ్ళు కాగుతాయి. కానీ కొలతలు తీసిన చేత్తోనే చొక్కా బిగుతని ఎలా అంటాడు? ఇవాళ తన కోసం సడలిస్తే, రేపు బావమరిది కోసం సడలదా?

"వద్దు. డబ్బా చూసే పొయ్యి" అన్నాడు.

సెలూనాయన తన డబ్బా మూత తీశాడు. "నీ రూలు షాపు గుమ్మం దాకానే గదా. ఇది నా డబ్బా, నా ఇష్టం" అంటూ సగం దర్జీ డబ్బాలోకి ఒంపాడు. "ఆ కుట్ర అన్న మాట మాత్రం విప్పెయ్యి."

"ఏమైందిరా? మళ్ళీ పెంచారా?" అంది పెద్దమ్మ.

దర్జీ ఆవిడ చెవి దగ్గర వంగి, వీధంతా వినేలా అరిచాడు: "పెంచలేదు పెద్దమ్మా, పంచాడు! వరస తిప్పింది చీపురు, ఈయన కాదు. నేనన్నదే తప్పు!"