ఎండ గురించి కాదు

ఎర్రగుట్ట బొగ్గుబాయిల ఊళ్లో కొత్త అంగడి షెడ్డు కట్టిన ఏడు పోశవ్వకు అంగడి గేటు పక్క కూర్చొని అమ్ముకునే గద్దె వచ్చింది. టౌను ఆఫీసువాళ్లు చీటీలు తీస్తే ఆమె పేరున అదే తగిలింది. గేటు పక్క అంటే మాటలా? షిఫ్టు దిగి వచ్చేవాళ్లూ, షిఫ్టుకు పోయేవాళ్లూ అందరూ ఆ గద్దె ముందు నుంచే నడవాలి. ఆకలిగొన్నవాడి కంటికి ముందు ఏ బుట్ట ఆనితే బేరం దానిదే. పోశవ్వ బొబ్బెర గుడాలు ఉడికించి, సర్వప్పలు కాల్చి అమ్మేది. పెనిమిటి రాజం ఏండ్ల తరబడి బాయి దిగి, బొగ్గు దుమ్ముకు రొమ్ము చెడి ఇంట్లో కూర్చున్నాక ఆ ఇంటికి ఆ బుట్టే ఆధారం.

నిండా నెల కాలేదు. అంగడిలో కూర్చున్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేసే కాంట్రాక్టరు లింగమూర్తి ఒకనాడు చంకన గొడుగుతో వచ్చి నిలబడ్డాడు.

"పోశీ, నువ్వు ఆ కొసకు జరుగు."

"ఏ కొసకు సేటూ?"

"కోళ్లు కోసే కాడికి. ఆడ జాగ మస్తున్నది, కాళ్లు చాపుకొని కూసోవచ్చు."

"నాకు చీటీల ఈడనే తగిలింది గద."

"కాదన్ననా? పక్కన మిఠాయి గద్దె, ఎనక పాలామె. మా బేరం చెడుతున్నదని నా పానం తింటున్నరు. నీకు తెల్వదా, నాతోటి ఎందుకు అనిపిస్తవ్?"

పోశవ్వకు తెలుసు. ఆ మాట ఎవరూ నోటితో అనరు. మిఠాయిలామె పొద్దున రాగానే తన తట్టను ఇంత దూరం జరుపుకునేది, అంతే. కొనడానికి వచ్చినవాళ్లు పోశవ్వ ఏ వాడ మనిషో పక్కవాళ్లను అడిగి తెలుసుకునేవారు. రాజం బాయిలోకి పట్టుకుపోయిన గిన్నెలో ఇవే గుడాలు ఎంతమంది తినలేదు? లోపల అందరి ముఖాలూ ఒకటే నలుపు. చెయ్యి కడగడానికే నీళ్లుండవు, ఎవరి చెయ్యి ఏదని ఎవరు చూస్తారు? పైకొచ్చి స్నానం చేస్తేగానీ కులం గుర్తుకు రాదు.

బుట్ట ఎత్తుకొని కొసకు పోయింది. అక్కడ ఈకలు, నెత్తురు, ఈగలు. షెడ్డు కప్పు కూడా అంతదాకా రాలేదు.

బాయి ఆఫీసుకు పోతే అంగడి మాది కాదన్నారు. టౌను ఆఫీసుకు పోతే వరండాలో కూర్చోమన్నారు. కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చాక గుమస్తా వామనరావు పిలిచాడు. మంథని నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే బక్కపలచటి మనిషి. కసురుకోడు, తొందరపడడు. ఆమె చెప్పిందంతా విన్నాడు, కాగితం తీసి రాశాడు, చదివి వినిపించాడు.

"'నేను కూర్చుండు స్థలమున ఎండ తీవ్రముగా ఉన్నందున...'"

"ఎండ అని రాసినవేంది పంతులూ?"

"ఎండ లేదా ఆడ?"

"యాడ లేదు? నేను ఎండ గురించి చెప్పలే. మాదిగదాన్నని లేపిండ్రని చెప్పిన."

వామనరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడు పోశవ్వా, ఆ మాట రాస్తే ఇది గద్దె దరఖాస్తు కాదు, కేసైతది. సాక్షులు, పోలీసులు, తిరుగుడు. ఎండ అని రాస్తే మా సార్ జల్ది సంతకం పెడ్తడు. నీకు గద్దె కావాల్నా, కొట్లాట కావాల్నా?"

"గద్దె కావాలె."

"అందుకే చెప్తున్న."

పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. ఇంటి దగ్గర రాజం ఒక్కడే ఉన్నాడు. పోశవ్వ బొటనవేలు ఇచ్చింది.

దరఖాస్తు నిజంగానే పాసైంది. ఇద్దరు మనుషులు వచ్చి, కోళ్లు కోసేచోటే నాలుగు గుంజలు పాతి, పైన రేకు కొట్టి పోయారు. లింగమూర్తి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఇంకేం కావాలె పోశీ? దొరసాని లెక్క నీడకు కూసో."

అంగడి అంతా అదే మాట. ఆఫీసువాళ్లు నీ మాట విన్నరు, నీకు రేకు వేసిండ్రు, అదృష్టమంతురాలివి. ఆ రేకు కింద మధ్యాహ్నం కుంపట్లో కూర్చున్నట్టే. గుడాలు ఒంటిపూటకే పులిసిపోయేవి. షిఫ్టు దిగినవాళ్లెవరూ అంత దూరం నడిచి రాలేదు. మిగిలినవి ఇంటికి తెచ్చి ఇద్దరూ తిన్నారు, తినలేనివి మేకకు వేశారు.

ఈసారి వామనరావు దగ్గరికి పోయినప్పుడు ఆకులో గుడాలు కట్టుకుపోయింది.

"మళ్ల రాయి పంతులూ. నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

"రేకు వేసిండ్రు గద?"

"తీసుకపొమ్మను."

"సాక్షి లేంది సార్ ముట్టడు పోశవ్వా. నిన్ను ఎందుకు లేపిండ్రో తెలిసినోడు కావాలె."

"అంగడంత తెలుసు."

"అంగడి వచ్చి సంతకం పెట్టది గద." అతను ఆకు పొట్లం వైపు చూశాడు. "ఇదెందుకు తెచ్చినవ్? నా కడుపు మంచిగ లేదు."

"నా బుట్ట కాడికి వచ్చేసరికి అందరి కడుపులు ఖరాబైతయ్ పంతులూ."

అతను పొట్లాన్ని బల్ల మీద ఒక పక్కకు పెట్టాడు.

సాక్షి అంటే ఆమెకు సదయ్యే గుర్తొచ్చాడు. రాజంతో ఒకే జట్టులో బాయి దిగినవాడు, రాజం గిన్నెలో తిన్నవాడు. లింగమూర్తి లేపిన రోజు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు కూడా. వాళ్లింటికి పోయి వాకిట్లో నిలబడి అడిగింది.

"వదినె, నాకు ఉండెతందుకు కంపెనీ క్వార్టరు రావాలె. లింగమూర్తి మాట సాయం చేస్తనన్నడు. ఇప్పుడు పోయి ఆయన మీద చెప్పమంటవా?"

"అబద్ధం చెప్పమంటలేను సదయ్యా."

"అబద్ధమైతే ఎప్పుడో చెప్పుదును." తల వంచుకొని లోపలికి పోయాడు.

ఇంటికొచ్చి రాజంతో చెప్పింది. మర్నాడు అతను కట్టె పట్టుకొని, నాలుగడుగులకోసారి ఆగి, బాయి గేటు దాకా నడిచి, అక్కడ బండ మీద కూర్చున్నాడు. షిఫ్టు దిగి వచ్చిన సదయ్య చూశాడు.

"ఏందన్న, గింత దూరం వచ్చినవ్? దమ్ము రాదా?"

"వస్తది."

"మరెందుకొచ్చినవ్?"

"ఊకెనే. అందరిని చూసి పోదామని."

ఆ మరుసటి రోజూ వచ్చి కూర్చున్నాడు, ఆ పైరోజూ. ఒక్క మాట అడగలేదు. ఆఖరికి సదయ్యే వచ్చి బండ మీద పక్కన కూలబడ్డాడు.

"ఇంక నడువకే అన్న. రేపు నేను పంతులు కాడికి పోత."

వామనరావు ఈసారి చెప్పింది చెప్పినట్టు రాశాడు. కులం మాట దగ్గర కలం ఒక్కసారి ఆగి, మళ్లీ కదిలింది. పోశవ్వ వేలిముద్ర వేసింది. సదయ్య వంకరటింకరగా సంతకం గీశాడు. ఎండ దరఖాస్తు ఇక చెల్లదని రెండు రోజుల్లో రేకు విప్పుకుపోయారు. ఆ వానాకాలమంతా ఆమె గోనెసంచి కప్పుకొని బుట్టను ఒళ్లో పెట్టుకు కూర్చుంది. ఆఫీసుకు పోతే సార్ క్యాంపులో ఉన్నాడనేవారు. సదయ్యకు క్వార్టరు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు.

బతుకమ్మ పండుగ దాటాక విచారణకని టౌను ఆఫీసు పెద్ద సారు అంగడికి వచ్చాడు. మిఠాయిలామెను అడిగాడు, పాలామెను అడిగాడు.

"మాకు అసొంటియేం లేవు సారూ. అందరం ఒక్కటే."

"మరి ఈమెను ఎందుకు లేపిండ్రు?"

లింగమూర్తి గొడుగు ఇటు చంక నుంచి అటు చంకకు మార్చాడు. "ఎవరు లేపిండ్రు సార్? ఆమెనే జరిగింది."

"కాదు సార్, లేపిండ్రు," అన్నాడు సదయ్య. "నేను ఈడనే ఉన్న."

పెద్ద సారు అందరి ముఖాలూ చూశాడు. "ఎవరికీ అభ్యంతరం లేనప్పుడు ఈమె గద్దె ఈమెకు ఇచ్చేయండి," అన్నాడు. కాదనాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పే నోరు అక్కడ ఎవరికీ లేదు.

కాగితం వచ్చిన రోజు వామనరావు చదివి వినిపించాడు. "ఎవరిదీ తప్పు అని రాయలే పోశవ్వా. ఆ మాట ఇందుల లేదు. గద్దె మాత్రం ఉన్నది."

"మంచిది పంతులూ," అంది. కొట్లాడే ఓపిక ఆమె దగ్గర అంతవరకే ఉంది.

తెల్లారి గేటు పక్క బుట్ట దించింది. మిఠాయిలామె ఇంకొకరితో గద్దె మార్చుకొని అవతలికి పోయింది. షిఫ్టు దిగినవాళ్లు కొందరు చూడనట్టే పోయారు, కొందరు ఆగారు. సదయ్య వచ్చి ఆకులో పెట్టించుకొని, అక్కడే నిలబడి తిన్నాడు. ఇంకొంచెం ఉల్లిగడ్డ వేయమన్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే గడపలోనే కూలబడింది.

"ఎట్లున్నదే గద్దె?" అన్నాడు రాజం.

"గద్దెకేమయ్యింది, మంచిగనే ఉన్నది. నా కాళ్లే గుంజుతున్నయ్."

అతను లేవబోతే వద్దంది. కొంగుతో ముఖం తుడుచుకొని, రేపటికి బొబ్బెర్లు నానబోయడానికి లేచింది.