బెత్తెడు సందు

టేపు కొనను బొటనవేలితో గోడకు అదిమిపట్టి రెండో చివరను పైపు దాకా లాగాడు రాజేశం. నాలుగడుగుల రెండంగుళాలు. నిన్నా అంతే వచ్చింది. అయినా మళ్లీ కొలిచాడు. అద్దం ఒకసారి కోశాక అతకదు. ఇరవై రెండేళ్లలో అతను నేర్చుకున్న చదువంతా అదే.

ఎల్లారెడ్డి బస్టాండు వెనక గల్లీలో దివాకర్ ఇల్లు. ఇంటి వెనక షాబాదు బండలు పరిచిన బయలు వాకిలి ఉంది. దాన్ని మూడు రోజుల్లో గది చేయాలి. మొదటి రోజు పైపులు నిలబెట్టి రేకులు కప్పారు. రెండో రోజు నడుమెత్తు గోడ మీద అల్యూమినియం ఫ్రేములు కూర్చున్నాయి. ఇవాళ అద్దాలు. అద్దాల పని రాజేశానిది. నిన్నటిలాగే పొద్దున ఏడింటి బస్సుకు కామారెడ్డి నుంచి వచ్చాడు.

మనిషి సన్నగా ఉంటాడు. ఏళ్ల తరబడి అద్దాలు మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే దిగిపోయింది. కుడి బొటనవేలికి గోరు సగమే ఉంది. అరచేతుల్లో దేవుడు గీసిన గీతలేవో, అద్దం గీసినవేవో చెప్పడం కష్టం. కామారెడ్డిలో సగం ఇళ్ల కిటికీల మీద అతని వేలిముద్రలే ఉంటాయి. గృహప్రవేశానికి ముందే వాటిని తడిగుడ్డతో తుడిచేస్తారు. భోజనాలకు మాత్రం ఎవరూ పిలవరు.

వాకిలి మూలన ఒక బండ మిగతావాటికంటే నున్నగా మెరుస్తోంది. దివాకర్ తల్లి నాగవ్వ ముప్ఫై ఏళ్లుగా అక్కడే కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగోనె కింద తునికాకు. గాలి వీస్తే తంబాకు లేచిపోతుంది, జల్లు కొడితే చుట్టిన బీడీ మెత్తబడుతుంది. అందుకే ఈ గది.

దివాకర్ చెడ్డవాడు కాదు. ఎరువుల దుకాణానికి పోబోతూ రోజూ వచ్చి చూసేవాడు. ఇవాళ కూడా చెప్పులేసుకుంటూ హెచ్చరించాడు.

"అన్నా, చీమ దూరేంత సందు గిట్ల ఉండొద్దు. మా అవ్వ మూడు కాలాలు ఈడనే కూసోవాలె. వాన గాని, చలి గాని, దుమ్ము గాని దాన్ని ముట్టొద్దు."

"పంకా పెట్టించిన్రా?" అడిగాడు రాజేశం.

"పంకేస్తే తంబాకు లేస్తది బిడ్డా," మూలనుంచి నాగవ్వ అంది. "ఆకు గూడ ఎండుతది. మాకు పంకా, సర్కారు రెండు ఒకటే. ఉంటయి, మాకు పనికి రావు."

దివాకర్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. రాజేశానికి నవ్వు రాలేదు. చీమ దూరేంత సందు. ఈ మాట అతను ఇదివరకు విన్నాడు. విన్నాడేమిటి, తనే అన్నాడు.

ఎనిమిదేళ్ల కింద, తను పనిచేసే అద్దాల దుకాణంలో మిగిలిన అద్దం ముక్కలు ఒక్కొక్కటే సైకిలు మీద ఇంటికి తెచ్చి, వెనక వాకిలిని గది చేశాడు. భార్య గంగమణి కూడా బీడీలే చుట్టేది. ప్రతి కీలుకీ సిలికాన్ పట్టించాడు. వాడకట్టోళ్లంతా వచ్చి చూసిపోయారు. ఊరందరికీ చేసే పని ఒక్కసారి తన ఇంట్లో చేసుకున్నానని పొంగిపోయాడు. గంగమణి మాత్రం తలుపు మధ్యలో తన చెప్పు ఒకటి అడ్డం పెట్టి కూర్చునేది. అతను వచ్చినప్పుడల్లా ఆ చెప్పును కాలితో తన్నేసి తలుపు మూసేవాడు. చలి తగులుతుందని తిట్టేవాడు కూడా. ఆమె "మంచిగనే ఉన్నదయ్యా" అనేది. గది బాగాలేదని ఒక్కనాడూ అనలేదు. మొగుడు చేసిచ్చిన గది కదా మరి.

మధ్యాహ్నానికి మూడు దిక్కులా అద్దాలు పడ్డాయి. నాలుగో దిక్కు ఇంటి గోడే. రాజేశం రబ్బరు పట్టీలు ఎక్కించాడు, మూలలకు సిలికాన్ కొట్టాడు, జరుపుడు కిటికీలను అటూ ఇటూ నడిపించి చూశాడు. నూనె పోసినట్టు జారుతున్నాయి. అన్నీ మూశాక గల్లీలో ఆటోల చప్పుడు ఆగిపోయింది. పనితనమంటే అదే. డబ్బా తెరిచి జొన్నరొట్టె, పచ్చడి తిని, నడుం వాల్చకుండానే లేచాడు.

లోపల నాగవ్వ మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం బిగించి, మళ్లీ ఆకు. పక్క అద్దంలోంచి పడే ఎండలో సన్నటి పొడి లేచి నిలబడింది. పోవడానికి దారి లేక అక్కడే తిరుగుతోంది. నాగవ్వ గొంతు సవరించుకుంది. ఇంకోసారి సవరించుకుంది. తరువాత అటు ఇటు చూసి, తూర్పు కిటికీని కొంచెం జరిపి, పక్కనున్న తన రబ్బరు చెప్పు తీసి ఆ సందులో ఇరికించింది.

అవతలి అద్దం తుడుస్తున్న రాజేశం చేతిలో గుడ్డ ఆగిపోయింది.

దొంగతనం పట్టుబడ్డట్టు చూసింది ముసలామె. "కోపం చేసుకోకు బిడ్డా. మంచిగనే చేసినవ్. జెర గాలికని పెట్టిన."

అతను గుడ్డ పక్కన పడేశాడు. ఫ్రేము కింద ఎత్తుకు పెట్టిన టేకు చెక్క తీసుకుని, బెత్తెడు కొలిచి ముక్క కోశాడు. చెప్పు తీసి బండ మీద పెట్టి, ఆ జాగాలో కింది గాడిలో చెక్కను కూర్చోబెట్టాడు. వాన జల్లు పడమటి నుంచి వస్తుంది, తూర్పు నుంచి రాదు. బయటి గాడిలో దోమల జాలి బిగించాడు. చెక్కకు రెండు స్క్రూలు దింపి, వాటి తలలను ఆకురాయితో నున్నగా అరగదీశాడు. ఇక దాన్ని ఏ స్క్రూడ్రైవరూ విప్పలేదు. అద్దం ఎంత నెట్టినా బెత్తెడు ఇవతలే ఆగుతుంది.

నాలుగింటికి దివాకర్ వచ్చాడు. కిటికీ నెట్టాడు, ఆగింది. గట్టిగా నెట్టాడు, అయినా ఆగింది.

"ఏందన్నా గిది? పైసలిచ్చి మరీ సందు పెట్టించుకుంటమా?"

"ఉండాలె. తంబాకు పొడి పోయే తొవ్వ అది."

"అదంత నాకెందుకు? తీసెయ్."

"తియ్య."

దివాకర్, రాజేశం పనిచేసే అద్దాల దుకాణం యజమాని మహేందర్‌కు ఫోను కలిపి, విషయం చెప్పి, ఫోను రాజేశం చెవి దగ్గర పెట్టాడు. ఈ మహేందర్‌ను చిన్నప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి దింపింది రాజేశమే. తండ్రి పోయాక ఆ పిల్లవాడే సేటయ్యాడు.

"అన్నా, గిరాకీ ఎట్ల చెప్తే అట్ల చెయ్యాలె. ఊకె మొండికెత్తకు. తీస్తవా లేదా?"

"నా చేత్తోని అది మూయ సేటూ."

"అయితే సామాను దుకాణంల పెట్టి పో. రేపటి సంది రాకు. ఆడికి వేరేటోన్ని పంపుత."

"మంచిది," అన్నాడు రాజేశం.

ఇరవై రెండేళ్ల కొలువు ముగియడానికి ఆ ఒక్క మాట సరిపోయింది. దివాకర్ కూడా ఇంతదాకా వస్తుందనుకోలేదు. ఫోను జేబులో వేసుకుని చాయ్ చెప్పే నెపంతో లోపలికి వెళ్లాడు. రాజేశం గాజు పెచ్చులను కాగితంలోకి ఊడ్చి మడిచాడు. ముసలామె ఉత్త కాళ్లతో తిరుగుతుంది కదా.

"కొలువు పోగొట్టుకున్నవ్ గదరా," అంది నాగవ్వ. "నాకోసమా?"

"నా ఇంటిదానికి సందు లేకుంట చేసిన అవ్వా."

"ఎట్లున్నది ఇప్పుడు?"

"పోయి నాలుగేండ్లాయె."

నాగవ్వ చేతిలోని ఆకును చుట్టకుండానే చాటలో పెట్టేసింది. అతను సంచీ ఎత్తుకుని, లోపల పోస్తున్న చాయ్ కోసం ఆగకుండా బస్టాండుకు నడిచాడు. కామారెడ్డిలో దిగి, సంచీని దుకాణం బల్ల కింద ఎప్పుడూ పెట్టేచోటే పెట్టాడు. మహేందర్ తల ఎత్తలేదు. బయటికొచ్చాక ఎడమ భుజం మీద బరువు లేకపోయేసరికి మనిషి ఒక పక్కకు ఒరిగినట్టు నడిచాడు. పండ్ల బండ్ల మధ్య నుంచి, సిగ్నలు దాటి, ఇంటి దిక్కు పోయాడు.

తెల్లారి మహేందర్ పంపినవాడు కోత మిషనుతో ఎల్లారెడ్డి వచ్చాడు. నాగవ్వ తన బండ వదిలి తూర్పు కిటికీకి వీపు ఆనించి కూర్చుంది.

"అవ్వా, జరుగు," అన్నాడు దివాకర్.

"నేను సచ్చినంక మూస్కో బిడ్డా. కూసునేది నేను."

మిషను తెచ్చినవాడు గంటసేపు నిలబడి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. దివాకర్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాగవ్వ చెప్పులు రెండూ గడప దగ్గర జంటగా ఉన్నాయి.

వారం తిరిగేసరికి ఆ టేకు ముక్క బయటి అంచు మీద, వేలితో గీస్తే గీత పడేంత తంబాకు పొడి పేరుకుంది.