తిట్టిన గొంతు

మా నీళ్ళ శుద్ధి కేంద్రంలో ఒక పద్ధతి ఉండేది. ఫోనులో ఎవరు ఏ పని చెప్పినా, పెట్టేసి, గోడమీద రాసి ఉన్న నంబరుకు మనమే తిరిగి చేసి కనుక్కోవాలి. ఈ రోజుల్లో గొంతులు కూడా దొంగిలిస్తున్నారని పై ఆఫీసువాళ్ళు నేర్పిన జాగ్రత్త అది. నేను ఒక్కసారి పాటించాను. ఇంజినీరు పదిమంది ముందు నన్ను కడిగేశాడు.

"ఏరా ఏడో క్లాసూ, పదేళ్ళుగా వింటున్నావు, నా గొంతు తెలీదూ? మీ ఆవిడ అన్నానికి పిలిచినా తిరిగి ఫోన్ చేసి కనుక్కుంటావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చదువు మధ్యలో ఆపినవాడు నవ్వక ఏం చేస్తాడు? ఆ తర్వాత పద్ధతి గోడమీదే ఉండిపోయింది.

ఆ మంగళవారం పొద్దున్న ఆరింటికి అదే గొంతు.

"ఏడో క్లాసూ, కునుకు తీస్తున్నావా? క్లోరిన్ తగ్గిందని పైనుంచి చీవాట్లు. చేతి చక్రం మూడు చుట్లు తిప్పి వదిలెయ్. మిగతాది స్క్రీన్ చూసుకుంటుంది. నీ బుర్ర వాడకు."

వాడలేదు. తిప్పాను. స్క్రీన్ మీద అంకె ఇసుమంత కూడా కదల్లేదు. కదలాలి కదా అని నాకు తట్టనూ లేదు.

తొమ్మిదింటికి ముక్కు మండింది. స్క్రీన్ వచ్చాక మూలన పడేసిన, క్లోరిన్ చూసే గాజు గొట్టం వెతికి, నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేశాను. లేత పసుపు రావాలి. ఇటుక రంగు వచ్చింది.

ఇంజినీరుకు చేశాను. "నేనెప్పుడు చెప్పానురా! ఇప్పుడేగా లేచింది!"

చక్రం బిగించాను. అప్పుడు గుర్తొచ్చింది అక్క. ఊళ్ళోకి వెళ్ళే మా నీళ్ళ గొట్టం మీద మొదట వచ్చేది ఆసుపత్రి. మంగళవారాలు ఎనిమిదింటి నుంచి అక్కకు అక్కడ రక్తం శుద్ధిచేసే మిషన్. అది నడిచేది మా నీళ్ళతోనే. అక్కడి వడపోత మామూలు క్లోరిన్‌ను ఆపుతుంది, ఇంత ఆపలేదు. లోపలికి ఫోన్లు రానివ్వరు; తోడు వెళ్ళే బావ ఫోను వార్డు బయట పెట్టెలో ఉంటుంది.

ఆసుపత్రికి చేశాను. "మిషన్లన్నీ ఆపండమ్మా! నీళ్ళ కేంద్రం నుంచి. క్లోరిన్ ఎక్కువైంది!"

"ఫోన్లో చెప్తే ఆపలేమండీ," అంది నర్సు. "మీరు పెట్టెయ్యండి. మీ ఆఫీసు నంబరుకు మేమే చేస్తాం."

"మా అక్క ఉందమ్మా అక్కడ!"

"పోయిన వారం ఎవడో డాక్టరు గొంతుతో మందు మార్పించబోయాడండీ. పెట్టెయ్యండి, వెంటనే చేస్తాను."

పెట్టేశాను. వెంటనే మోగింది.

"ఏవయ్యా, నీళ్ళు కంపు కొడుతున్నాయి, తాగాలా చావాలా?"

కట్ చేశాను. మళ్ళీ మోగింది. ఇంకో ఇంటివాళ్ళు. మళ్ళీ ఇంకొకరు. ఊరంతా ఆ ఒక్క ఫోను మీద పడింది. నర్సు గొంతు వినబడేసరికి పద్నాలుగు నిమిషాలు గడిచాయి.

ముగ్గురు పోయారు. అక్క రెండో మనిషి.

ఎవరో మా కంప్యూటర్లలో దూరి మూడు నెలలు మా ఫోన్లు విన్నారట. స్క్రీన్ మీద అంకెను మేకు కొట్టినట్టు నిలబెట్టారట. విచారణవాళ్ళు అంతవరకే చెప్పారు. ఇంజినీరు గోడమీది పద్ధతిని పెద్దక్షరాలతో మళ్ళీ రాయించి, కింద 'నా గొంతయినా సరే' అని చేర్పించాడు. ఆయన కుర్చీ ఆయనకే ఉంది.

పదో రోజున బావ నన్ను వసారాలోకి పిలిచాడు. గొంతు పెంచలేదు.

"ఆ నర్సు నిన్ను నమ్మక తిరిగి ఫోన్ చేసిందిట. మరి నువ్వు వాణ్ణి ఎలా నమ్మావురా?"



"తిట్టాడు బావా. అచ్చం సారులాగే తిట్టాడు."